ఫిట్టింగ్ ఫ్రీ అన్నారా, అమ్మలూ?

విజయవాడ

చి. సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో మీ హైదరాబాద్ కొత్త ఫ్లాట్ సంగతి చెబుతూ "గీజరు ఎనిమిది వేలే పెదనాన్నా, ఫిట్టింగ్ ఫ్రీ" అన్నావు చూడు, రాత్రంతా అదే మాట బుర్రలో తిరుగుతోంది. ఇరవై ఎనిమిదేళ్లు ఎలక్ట్రికల్ షాపు నడిపినవాణ్ణి. ఆ 'ఫ్రీ' అనే మాట కౌంటరు మీద మోచేతులానించి నేనూ బోలెడుసార్లు అన్నాను. అబద్ధమేం కాదు. కుర్రాడొచ్చి గోడకి తగిలించి, పైపులు బిగించి వెళ్లినందుకు కూలి తీసుకోరు. కానీ ఆ కనెక్షన్ పైపులకీ, యాంగిల్ కాక్‌లకీ, బోల్టులకీ, ప్లగ్గు టాపుకీ మాత్రం చాలాసార్లు వేరే బిల్లు పడుతుంది. కొనేముందే "ఫిట్టింగ్‌లో ఏమేం కలిశాయి?" అని అడిగి, బిల్లు మీద రాయించుకో. ఏదో వెయ్యీ రెండు వేలతో పోయే వ్యవహారమిది, దీనికి టెన్షన్ అక్కర్లేదు. అసలు ఖర్చు గోడ లోపల ఉంటుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మేం కొత్తగా ఇల్లు కట్టుకున్నప్పుడు షాపులోంచి మంచి గీజరే తెచ్చి పెట్టాను. ఊళ్లో వాళ్లందరికీ వైరు గురించి చెప్పేవాణ్ణి, నా ఇంట్లో మేస్త్రీ తాలూకు మనిషి ఏ వైరు లాగాడో మాత్రం చూసుకోలేదు. రెండో చలికాలం ఒకరోజు మీ పెద్దమ్మ "బాత్రూం దగ్గర ఏదో మాడుతున్న వాసన" అంది. వెళ్లి ప్లగ్గు పట్టుకు లాగితే రాదు. మెయిన్ ఆపి గట్టిగా లాగేసరికి సాకెట్ ముక్కతో సహా ఊడొచ్చింది. పిన్ను గోధుమరంగుకి తిరిగి ప్లాస్టిక్‌కి అతుక్కుపోయింది. లోపల చూస్తే లైట్లకి వేసే సన్న వైరు! బాత్రూం టైల్స్ పగలగొట్టకుండా గోడ బయట కేసింగ్ వేయించి కొత్త లైను లాగించాను. గీజరు ధరలో సగం దానికే అయింది.

లెక్క చూడు. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. ఇన్‌స్టెంట్ అని చిన్న డబ్బా అమ్ముతారే, 3 లీటర్లది, అది చాలావరకు 3,000 వాట్లు, అంటే 13 ఆంప్స్. చవకైన గీజరుకే ఖరీదైన వైరు కావాలన్నమాట! ఏదైనా సరే 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు ఉండాలి, ఎంసీబీ పెట్టె (లోడు ఎక్కువైతే కరెంటు తెంచే స్విచ్చిలుండే పెట్టె) నుంచి గీజరుకి విడిగా లైను రావాలి. వైరు మందం 2.5 స్క్వేర్ ఎంఎం రాగికి తగ్గొద్దు. కొత్తగా లాగిస్తే మాత్రం 4 వేయించెయ్. పెట్టె నుంచి బాత్రూంకి 12 మీటర్లుంటే ఫేజు, న్యూట్రలు, ఎర్త్ కలిపి 36 మీటర్ల వైరు, దానికి తోడు మనిషి కూలి. నీ బిల్డరు సరైన లైను ముందే వేసి ఉంటే ఇదంతా మిగులే. వేశాడో లేదో సాకెట్ విప్పి చూస్తేగానీ తెలియదు. పైన మూడు కన్నాలున్నాయి కదా అని ఎర్త్ ఉన్నట్టు కాదు. వెనక పచ్చ వైరు కలపకుండా వదిలేసినవి నేను ఎన్ని చూశానో! తడి ఒంటితో నిలబడే చోటు తల్లీ, ఎర్త్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పెట్టెలో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్చి, లేకపోతే అదీ పెట్టించు. స్విచ్చి బాత్రూం బయట ఉండాలి, ఎర్ర లైటుతో.

రెండు బాత్రూంలలో రెండు గీజర్లంటున్నావు. రెండూ ఒకేసారి వేస్తే 4 కిలోవాట్లు. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కి రాసిచ్చిన లోడు, ఎంతుందో ఒకసారి చూడు. చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టాలి, దానికీ రుసుము ఉంటుంది. నెలనెలా అయ్యేదీ చెబుతాను. 25 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 60 డిగ్రీలకి కాగాలంటే ముప్పావు యూనిట్ లోపే, ఇరవై నిమిషాల పని. నలుగురి స్నానాలకి రోజుకి రెండు యూనిట్లనుకున్నా నెలకి 60. మీకు ఇప్పుడు 160 వస్తుంటే 220 అవుతుంది. అక్కడే ఉంది మెలిక: హైదరాబాద్‌లో 200 దాటితే ఆ ఇరవై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారుతుంది. "గీజరు కరెంటు తాగేస్తోంది" అని షాపుకొచ్చి పోట్లాడినవాళ్లకి నేను బిల్లే చూపించేవాణ్ణి.

స్టార్లంటావా, అవి చెప్పేది కాగిన నీళ్లు ఊరికే నిలవుంటే ఎంత వేడి పోతుందో. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంటికి ఐదు స్టార్లు కావాలి. మనలా ఇరవై నిమిషాలు వేసి ఆపేసే వాళ్లకి ఆ తేడా డబ్బు అంత గబుక్కున తిరిగి రాదు. నన్నడిగితే ఆ డబ్బు మంచి ట్యాంకు మీద పెట్టు.

ఎందుకంటే మీది బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు. నీ బిందె అడుగున తెల్లగా కడుతోందని నువ్వే చెప్పావు. అదే సున్నం గీజరులోనూ కడుతుంది, ఇంకా త్వరగా. ఒకాయన మూడేళ్లు సర్వీసు చేయించని గీజరు తెచ్చి "వేడెక్కట్లేదు" అన్నాడు. కింద ఫ్లాంజి, అంటే అడుగు మూత, విప్పితే దోసెడు సున్నపు పెళ్లలు బల్ల మీద పడ్డాయి. కాయిల్ మీద బజ్జీ మీద పిండిలా పెచ్చు కట్టేసింది. మెగ్నీషియం రాడ్డు ఒకటుంటుంది, యానోడ్ అంటారు. తుప్పు ట్యాంకుని తినకుండా ముందు దాన్ని తింటుంది. ఆయన గీజరులో అది సన్నటి తీగలా మిగిలింది. మీ నీళ్లకి ఏడాదికోసారి విప్పించి చూడాలి, అరిగితే మార్చాలి. వారంటీ కాగితంలో చిన్న అక్షరాలు చదివితే, ఉప్పు నీళ్ల గురించీ ఆ రాడ్డు గురించీ ఏదో ఒక షరతు కనిపిస్తుంది. ఏటా ఆ సర్వీసు డబ్బు కూడా గీజరు ఖరీదులోనే వేసుకో.

నీ ఇంటీరియర్ అబ్బాయి గీజరు కనపడకుండా ఫాల్స్ సీలింగ్‌లో దాచేస్తానన్నాడట. ఒప్పుకోకు. నిలువు గీజరుకి కాయిలూ రాడ్డూ కింద నుంచే ఊడతాయి. కింద చెయ్యి పట్టే జాగా లేకపోతే సర్వీసుకొచ్చిన ప్రతిసారీ సీలింగ్ విప్పాలి.

ఇంకొకటి, బరువు. 25 లీటర్లది నిండితే నీళ్లే 25 కిలోలు, డబ్బాతో కలిపి 35 దాటుతుంది. నాలుగంగుళాల గోడకి ప్లాస్టిక్ గట్టీ పెట్టి స్క్రూ బిగిస్తానంటే పంపించెయ్, యాంకర్ బోల్టులు పడాలి. వేడి నీళ్ల లైను క్రీమ్ రంగు సీపీవీసీ అయి ఉండాలి, తెల్ల పైపు వేడికి మెత్తబడుతుంది. మీది ఎనిమిదో అంతస్తు, ప్రెషర్ పంపు కూడా ఉందన్నావు కాబట్టి 8 బార్ (తట్టుకునే నీటి ఒత్తిడి) రాసున్న గీజరే తీసుకో. సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారతాయి. కారనీ. బాత్రూం తడుస్తోందని దానికి ఎంసీల్ పూసిన మహానుభావులున్నారు, మీ అత్తగారు చెప్పినా ఆ పని చేయొద్దు.

బకెట్ స్నానమైతే 15 లీటర్లు చాలు, చన్నీళ్లు కలుపుకుంటే 35 లీటర్ల దాకా వస్తాయి. అల్లుడుగారు షవర్ కింద నిలబడతారంటే ఆ బాత్రూంకి 25. ఆ 3 లీటర్ల డబ్బా వంటింటి సింకుకి బాగుంటుంది. గ్యాస్ గీజరు మాట ఎత్తకు. మూసిన బాత్రూంలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. సోలారు మీ నాన్న ఇంటి డాబాకి బ్రహ్మాండం, అపార్టుమెంట్‌లో టెర్రస్ అందరిదీ గనక అసోసియేషన్‌తో మాట్లాడుకోవాలి. ఎనిమిది అంతస్తులే అయితే పైకప్పు దగ్గరే కాబట్టి అడిగి చూడు, కాదంటే వదిలెయ్.

ఇప్పటికి డబ్బు కట్టొద్దు. ముందు నాకు మూడు ఫొటోలు పంపు: ఎంసీబీ పెట్టె తలుపు తీసి ఒకటి, గీజరు పాయింటు దగ్గర సాకెట్ ఒకటి, గోడలోంచి బయటికొచ్చిన పైపు చివర్లు ఒకటి. సాకెట్ నువ్వు విప్పకు, అల్లుడుగారిని కూడా విప్పనీయకు. గృహప్రవేశానికి రెండు రోజుల ముందే మేం దిగుతున్నాం, టెస్టరూ స్క్రూడ్రైవరూ నా సంచిలోనే ఉంటాయి. మీ పెద్దమ్మ సున్నుండలు కూడా అందులోనే సర్దుతానంటోంది.

ఇట్లు,
పెదనాన్న