రిపేర్ చేసిన డోర్ రంగు మిగతా కారుతో కలవకపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: సిల్వర్ కారు, వెనక డోర్‌కి సొట్ట పడింది, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో పని చేయించారు, ఇప్పుడు ఆ డోర్ పక్కనున్న ముందు డోర్ కన్నా ముదురుగా కనిపిస్తోంది. షాపువాళ్లేమో "కంపెనీ కలర్ కోడే వేశాం, కొన్నాళ్లకి సర్దుకుంటుంది" అంటున్నారు. నమ్మొచ్చా అని అడిగారు.

సర్దుకోదండి. రంగు ఆరి, పైన వేసే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, గట్టిపడ్డాక ఇవాళ ఏ తేడా కనిపిస్తోందో కొన్నాళ్లు పోయాకా అదే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే కొత్తదీ పాతదీ రెండూ ఎంతో కొంత మారతాయి కానీ, పక్కదానికి సరిపోయేలా ఏదీ మారదు. పని సంతృప్తిగా ఉందని రాసిచ్చే కాగితం మీద ఇంకా సంతకం పెట్టకపోతే ఆగండి. పెట్టేసినా దారి మూసుకుపోయినట్టు కాదు, పెయింట్ పనికి షాపు ఏమైనా వారంటీ ఇచ్చిందేమో బిల్లులో చూడండి.

నాకూ ఇదే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. నాది ముదురు గ్రే మెటాలిక్. పక్కనుంచి వచ్చిన బండి గుద్దితే ఎడమ ఫెండర్ (ముందు చక్రం పైనుండే భాగం) మార్చాల్సి వచ్చింది. డెలివరీ రోజు షెడ్డులో ట్యూబ్‌లైట్ల కింద చూస్తే ఏ తేడా లేదు. కారు బయటికి తీయించి, హెడ్‌లైట్ పక్కన నిలబడి వెనక్కి పొడవునా చూస్తే మాత్రం ఫెండర్ ఒక రంగు, డోర్ ఒక రంగు. ఎదురుగా వచ్చి నిలబడితే మళ్లీ రెండూ ఒకటే. మేనేజర్ ఎదురుగానే నిలబడి "ఎక్కడండీ తేడా" అంటుంటే, నేను నిలబడ్డ చోటికి ఆయన్ని పిలిచి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

ఎందుకిలా అంటే, మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. అవి చదునుగా పడుకుంటే ఎదురుగా చూసినప్పుడు మెరుపు ఎక్కువ, పక్కనుంచి చూస్తే ముదురు. అడ్డదిడ్డంగా ఉండిపోతే ఎదురుగా చూసినప్పుడు ముదురు, పక్కనుంచి లేత. ఆ రేకులు ఎలా పడుకుంటాయన్నది చాలావరకు గన్ను పట్టుకున్న పెయింటర్ చేతిలో ఉంటుంది: గాలి ప్రెషర్ ఎంత, గన్ను ఎంత దూరంలో ఉంది, థిన్నర్ ఎంత త్వరగా ఆరుతుంది, పెయింట్ వేసే గది (బూత్)లో వేడి ఎంత. తడితడిగా వేస్తే ముదురుతుంది, పొడిపొడిగా వేస్తే లేతబడుతుంది. ఒకే డబ్బాలోని రంగుని ఇద్దరు పెయింటర్లు వేస్తే రెండు రకాలుగా రావొచ్చు, సిల్వర్‌లో అయితే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక కోడ్ సంగతి. డోర్ తీస్తే పిల్లర్ మీదో, బానెట్ కిందో ఉండే స్టిక్కర్ మీద కలర్ కోడ్ ఉంటుంది, అది తప్పకుండా కావాలి, కానీ అదొక్కటే సరిపోదు. ఫ్యాక్టరీని బట్టి, తయారైన ఏడాదిని బట్టి అదే కోడ్‌లో కాస్త నీలం వైపు, కాస్త పసుపు వైపు తేడాలొస్తాయి. అందుకే పీపీజీ, ఆక్సాల్టా, అక్జో నోబెల్ లాంటి రిఫినిష్ (రిపేర్ తర్వాత వేసే) పెయింట్ కంపెనీలు ఒక్కో కోడ్‌కి ఒకటికి మించి వేరియంట్ ఫార్ములాలు ఇస్తాయి. మీ కారుకి ఏ వేరియంట్ దగ్గరగా ఉందో షేడ్ కార్డులు పక్కన పెట్టి చూడాలి, లేదా స్పెక్ట్రోఫోటోమీటర్ అనే చేతిలో పట్టే మెషీన్‌తో వేర్వేరు కోణాల్లో కొలవాలి. కొలిచే ముందు పాత ప్యానెల్‌ని (డోర్, ఫెండర్ లాంటి భాగాన్ని) శుభ్రంగా కడిగి పాలిష్ చేయాలి, పైన మురికి పొర ఉంటే మెషీన్ దాన్నే రంగనుకుంటుంది.

నా ఫెండర్ రెండోసారి చేసిన పెయింటర్ మొదట కారు జోలికే వెళ్లలేదు. చిన్న కార్డు ముక్క మీద రంగు వేసి, ఆరనిచ్చి, సగానికి క్లియర్ కొట్టి, అది కూడా ఆరాక తెచ్చి డోర్ మీద ఆనించాడు. క్లియర్ లేని సగం పాలిపోయినట్టుంది, క్లియర్ పడ్డ సగం చాలా లోతుగా ఉంది. క్లియర్ లేకుండా పోల్చడం దండగ అన్నది ఆ ఒక్క కార్డుతో తెలిసిపోయింది. కార్డుని ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి, అటూ ఇటూ వంచి చూసి, చాలదని మళ్లీ కలిపాడు. ఒక లైటు కింద కలిసిన రంగులు ఇంకో లైటు కింద విడిపోతాయి కాబట్టి షెడ్డు లైట్లని నమ్మకూడదు. మీ షాపులో ఇలా టెస్ట్ కార్డు వేశారా అని అడగండి, వేసి ఉంటే చూపించమనండి.

కానీ అసలు మందు ఇది కాదు. ఎంత బాగా కలిపినా పాత డోర్ అంచుకి కొత్త డోర్ అంచు ఆనుకుని ఉంటే కన్ను చిన్న తేడానైనా పట్టేస్తుంది. అందుకే బ్లెండింగ్ చేస్తారు: రిపేరైన ప్యానెల్ మీద రంగు పూర్తిగా వేసి, పక్క ప్యానెల్ మీదికి కొంత దూరం పల్చబరుస్తూ తీసుకెళ్లి వదిలేస్తారు, తర్వాత ఆ పక్క ప్యానెల్ మొత్తానికి క్లియర్ వేస్తారు. రంగు ఎక్కడ మారిందో కంటికి దొరకదు. మీ కేసులో ముందు డోర్ మీదికీ, వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక డోర్ తర్వాత చక్రం పైనుండే భాగం) మీదికీ బ్లెండ్ చేయాలి. నాకు బానెట్ అంచు మీదికీ డోర్ మీదికీ చేశారు, ఆ తర్వాత నేను వెతికినా తేడా దొరకలేదు.

ఇన్సూరెన్స్‌లో చిక్కు వచ్చేది ఇక్కడే. నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్ దెబ్బ తిన్న ప్యానెళ్లే చూస్తాడు, ఎస్టిమేట్‌లో ఒక డోర్ పెయింటింగ్ అని ఉంటే షాపు ఒక డోరే వేస్తుంది, పక్క ప్యానెళ్ల లేబర్, మెటీరియల్ తమ మీద పడతాయని బ్లెండింగ్ ఊసెత్తదు. అప్పుడు బాగోలేదని అదే డోర్‌కి మళ్లీ మళ్లీ రంగు కలిపి వేయించడం వల్ల ప్రయోజనం తక్కువ, పైగా కోటు మీద కోటు మందం పెరుగుతుంది. బ్లెండింగ్ చేర్చి సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్ పంపమని షాపుని అడగండి, ఆ మాట ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్‌లో మీరూ రాయండి. "అదనపు ప్యానెల్ పెయింట్" అని రాయకండి. "రిపేరైన డోర్ రంగు కలవడానికి పక్క ప్యానెళ్లకి బ్లెండింగ్ అవసరం" అని రాయండి. మొదటిది వింటే మీరు ఉచితంగా పెయింట్ కొట్టించుకుంటున్నారనుకుంటారు, రెండోది ఆ రిపేర్‌లో భాగం. పాలసీని బట్టి ఒప్పుకోకపోతే, రంగు కలపడం షాపు బాధ్యత కదా అని వాళ్లతోనే మాట్లాడాలి. ఫోటోలు తీసేటప్పుడు రెండు డోర్లూ ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి, విడివిడిగా తీస్తే ఫోన్ కెమెరా ఒక్కో ఫోటోలో వెలుతురు ఒక్కోలా సర్దేస్తుంది, అలాంటివి రుజువుకి పనికిరావు.

బంపర్ విషయంలో మాత్రం మరీ పట్టుబట్టకండి. ప్లాస్టిక్ బంపర్లకి చాలా కార్లలో ఫ్యాక్టరీలోనే బాడీతో కాకుండా విడిగా పెయింట్ వేస్తారు, కొత్త కారులోనే కొద్దిగా తేడా ఉండొచ్చు. గుద్దుకోని వైపు బంపర్‌కీ ఫెండర్‌కీ ఎంత తేడా ఉందో చూసి, అంతకు మించి ఉంటేనే అడగండి.

ఇది చదివేవాళ్లలో మూడు పొరల రంగులవాళ్లుంటే వాళ్లకి ఇంకో మాట. మాజ్దా సోల్ రెడ్ క్రిస్టల్ లాంటివాటిలో కింద మెరిసే పొర, దాని మీద పారదర్శకమైన ఎరుపు, ఆపైన క్లియర్ ఉంటాయి. మధ్య పొర ఒక్క కోటు ఎక్కువైనా షేడ్ మారిపోతుంది, కాబట్టి ఒక కోటు, రెండు, మూడు అని మెట్లుగా వేసిన టెస్ట్ ప్యానెల్ లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

మళ్లీ పని చేసి ఇచ్చాక డెలివరీకి పగటిపూటే వెళ్లండి, కారు కడిగించి, ఎండలోనూ నీడలోనూ చూడండి, ఎదురుగా, ఆ తర్వాత రెండు చివర్ల నుంచీ. నచ్చాకే సంతకం. వ్యాక్స్, సిరామిక్ కోటింగ్ లాంటివి వెంటనే వేయించొద్దు, పెయింట్ పూర్తిగా గట్టిపడటానికి ఎన్నాళ్లు ఆగమంటారో షాపులో అడిగి, ఆ గడువు దాటాకే వేయించండి.