అయిదేళ్లవాడికి బొమ్మలు కొనే ముందు పక్కన తిరిగే చిన్నపిల్లను చూడండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో ఉంటాం. ఎం.కాం. చదివాను. ఏడాదిగా ఇంట్లోనే డేకేర్ నడుపుతున్నాను. ఏడాదిన్నర పాప, రెండేళ్లవాడు, రెండున్నరేళ్ల పాప వస్తున్నారు. జూన్ నుంచి యూకేజీ చదివే అయిదేళ్ల బాబు కూడా వస్తాడు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరు వరకు. అతని కోసం ఆరు వేలల్లో ఏం కొనాలి? రోజూ వర్క్‌షీట్లు చేయించమని వాళ్లమ్మగారు అడుగుతున్నారు. ఈ పనినే కెరీర్‌గా పెట్టుకోవాలంటే ఏ కోర్సు చెయ్యాలి?

జవాబు: డబ్బా మీద "5+" అని ఉన్న బొమ్మ ఆ బాబుకు సరిపోతుంది, మీ హాలుకు సరిపోదు. ఇంటి డేకేర్లో చిక్కంతా ఇదే. స్కూల్లో వాడి చుట్టూ వాడి ఈడువాళ్లే ఉంటారు. మీ ఇంట్లో మాత్రం దొరికిందల్లా నోట్లో పెట్టుకునే ఏడాదిన్నర పిల్ల వాడి మోకాలి దగ్గర తిరుగుతుంటుంది. అందుకని ఏం కొనాలన్నది తర్వాత చూద్దాం. ఏది ఏ వేళకు బయటికి తియ్యాలి, ఏ ఎత్తులో పెట్టాలి అన్నది ముందు తేల్చుకోండి.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. బాబు వచ్చి అన్నం తినేసరికి చిన్నవాళ్లు ముగ్గురూ నిద్రకు వాలతారు. ఒకటిన్నర నుంచి మూడు దాకా హాలు వాడిదే. పూసలు, గింజలు, గవ్వలు, కత్తెర, చిన్న ముక్కల పజిళ్లు అన్నీ ఆ గంటన్నరకే కేటాయించండి. మూడు కొట్టేలోపు డబ్బాలోకి వెళ్లిపోవాలి. పగలంతా బయట ఉండేవి చిన్నవాళ్లకూ ప్రమాదం లేనివే అయి ఉండాలి.

ఏది ఏ డబ్బాలోకి వెళ్లాలో తేల్చడానికి టాయిలెట్ రోల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టం చాలు. దాని వెడల్పు సుమారు 4 సెం.మీ. బొమ్మల ప్రమాణాల్లో మూడేళ్లలోపు పిల్లల కోసం వాడే పరీక్ష గొట్టం 31.7 మి.మీ. ఉంటుంది. మన అట్టగొట్టం దానికన్నా పెద్దది కాబట్టి ఇంకొంచెం జాగ్రత్తగానే ఉంటాం. అందులోంచి జారిపోయే ముక్క ఏదైనా నిద్రవేళ డబ్బాలోకే. బంతుల్లాంటి గుండ్రటివి 4.5 సెం.మీ. కన్నా చిన్నవైతే, గొట్టంలో పట్టకపోయినా వాటినీ అందులోనే వెయ్యండి. గుండ్రటివి గొంతుకు బిరడాలా అడ్డంపడతాయి.

కొన్నిటిని నిద్రవేళకు కూడా ఇంట్లోకి రానివ్వకండి. నీళ్లలో ఉబ్బే జెల్ పూసలు, ఊదని బెలూన్లు, స్క్రూ మూత లేని బటన్ బ్యాటరీ బొమ్మలు, విడిగా దొరికే చిన్న అయస్కాంతాలు ఈ జాబితాలోవి. మింగిన బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగు గోడల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇప్పుడు అందరూ కొంటున్న అయస్కాంతపు పలకలు ఎవరైనా బహుమతిగా ఇచ్చినా వారానికోసారి అంచులు చూడండి. పగులు కనిపిస్తే పారెయ్యడమే.

ఆ డబ్బా పెట్టే అర ఎక్కడుండాలన్నదీ ముఖ్యమే. రెండేళ్లవాడు చెయ్యి చాపితే సుమారు మీటరు దాకా అందుతుంది, అయిదేళ్లవాడికి దానిపైన మరో జానెడు. కాబట్టి నేలనుంచి 115–120 సెం.మీ. ఎత్తులో ఒక అర బిగిస్తే పెద్దవాడికి అందుతుంది, చిన్నవాళ్లకు అందదు. ఆ దరిదాపుల్లో కుర్చీ ఉంటే మాత్రం ఈ లెక్కంతా వృథా. అరను గోడకు ఎల్ క్లాంపులతో బిగించండి.

ఇక కొనుగోళ్లు. మీ ఆరు వేలల్లో సగం చెక్క దిమ్మెలకే పెట్టమంటాను. అయిదేళ్లవాడు నెలల తరబడి మళ్లీ మళ్లీ ముట్టుకునే వస్తువు అదొక్కటే. మీ వీధి వడ్రంగి చేత చేయించుకోవచ్చు. మందం 1 అంగుళం, వెడల్పు 2, పొడవు 4. ఈ కొలతవి 24, సగం పొడవువి 12, రెట్టింపు పొడవువి 8 చాలు. కొలతలు 1:2:4 పాళ్లలో ఉండడం వల్ల రెండు సగాలు ఒక నిండు దిమ్మెకు సరిగ్గా సమానమవుతాయి. వంతెన కట్టేటప్పుడు లెక్క వాడి చేతికి దానంతటదే తెలుస్తుంది. పొరపాటు సాధారణంగా కోతలో జరుగుతుంది. ఒక్కో ముక్కను విడివిడిగా గీత గీసి కోస్తే రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చేస్తుంది, ఏడో వరసకు గోపురం కూలుతుంది, వాడికి ఏడుపొస్తుంది. మిషను మీద అడ్డుకట్ట పెట్టి అన్నీ ఒకే కొలతకు కొయ్యమనండి. ప్లైవుడ్ తునకలు వద్దు, అంచులు పేళ్లు లేస్తాయి. ముందు 120 నంబరు, తర్వాత 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దించండి. రంగు అక్కర్లేదు. కింద దళసరి జంపఖానా పరచకపోతే కింది ఫ్లాటువాళ్లు మీ తలుపు కొడతారు.

చిన్నవాళ్లు లేచాక గోపురాలు కూలగొడతారు, అది వాళ్ల వయసు పని. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టే మడత కంచె మీ దగ్గరుంటే దాన్ని తిరగేసి వాడండి. పెద్దవాణ్ణి దిమ్మెలతో సహా లోపల కూర్చోబెట్టి చిన్నవాళ్లను బయట వదలండి. "నువ్వు పెద్దవాడివి కదా, ఇచ్చెయ్" అన్న మాట మాత్రం మీ ఇంట్లో వినపడకూడదు. రోజుకు నాలుగుసార్లు ఆ మాట వింటే వాడు చిన్నవాళ్లను చాటుగా గిల్లడం మొదలుపెడతాడు.

మిగతా సగంలో 24 నుంచి 48 ముక్కల పజిళ్లు రెండు, మొన మొద్దుగా ఉన్న 5 అంగుళాల కత్తెర, ఏడడుగుల తాడు, 20 సెం.మీ. బంతి. కాగితాలు, రంగులు అవెన్యూ రోడ్డులో టోకున దొరుకుతాయి. చన్నపట్న లక్క బొమ్మలు కావాలంటే ఎం.జి. రోడ్డు కావేరి ఎంపోరియంలో చూడండి. లేదా మైసూరు రోడ్డు మీద 60 కిలోమీటర్లు వెళ్తే ఊళ్లోనే కొనొచ్చు. మన ఏటికొప్పాకవీ అదే తరహా, అంకుడు కర్ర మీద లక్క. కొండపల్లివి మాత్రం కొలువు మెట్ల మీదే బాగుంటాయి. పొణికి చెక్క మెత్తన, పైన రంగు పూత, అందుకని పిల్లల నోటి దగ్గరకు తేకండి. ఫ్యాక్టరీ బొమ్మకైతే ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. జీఐ (భౌగోళిక గుర్తింపు) నమోదున్న హస్తకళాకారులు చేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది.

పైసా ఖర్చులేని ఆటలూ ఉన్నాయి. 30 గుడ్లు పట్టే అట్ట ట్రేలోంచి రెండు వరసలు కత్తిరిస్తే 12 గుంటలొస్తాయి. వామనగుంటలకు ఒక్కొక్కరికి ఏడుండాలి గానీ ఈ వయసుకు ఆరు చాలు. గుంటకు మూడు చింతపిక్కలు, మొత్తం 36. ఆట ముగిశాక వాడిచేతే 36 లెక్కపెట్టించి డబ్బాలో వేయించండి. వాడికది లెక్కల పాఠం, మీకు ఏడాదిన్నర పాప నోట్లోకి ఏదీ పోలేదన్న ధీమా. 35 తేలితే నిద్ర లేపేలోపు సోఫా కింద వెతకాల్సిందే. అష్టాచెమ్మా కూడా ఆడించొచ్చు. మొదటి నెల తలా ఒక్క కాయే, చంపడాలు లేకుండా. ఓడిపోవడం ఈ వయసులో ఇంకా పెద్ద దుఃఖమే.

పిండి ముద్దకు రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు కప్పు గోరువెచ్చటి నీళ్లు. నీళ్లు ఒక్కసారే పోస్తే జిగురై చేతికి అంటుకుంటుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మ పీల్చి రెండోరోజుకే జావ కారుతుంది, అప్పుడు ఇంకొంచెం మైదా కలపండి. ఇందులో ఉప్పెక్కువ, చిన్నవాళ్లు ముద్దలు మింగితే ప్రమాదం. ఇదీ నిద్రవేళదే.

మూడు తర్వాత గుజ్జనగూళ్లు అందరూ ఆడొచ్చు. వాడికి లక్కపిడతల కంటే ఖాళీ డబ్బాలు, ఒక తక్కెడ, పాత బిల్లుల కట్ట ఇస్తే అంగడి పెట్టేస్తాడు. నాలుగున్నరకు అందరినీ కిందికి దించండి. అయిదేళ్లు దాటినవాళ్లకు రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలతో తేలిగ్గా పూర్తవుతుంది.

వర్క్‌షీట్ల సంగతి. పొద్దుణ్నుంచీ స్కూల్లో రాసొచ్చిన చేతికి మళ్లీ పెన్సిలిస్తే అది పట్టు మార్చుకుంటుంది, వంకర అక్షరాలే అలవాటవుతాయి. కత్తెర, పిండి ముద్ద, బట్టల క్లిప్పులు వేళ్లకు బలమిస్తాయి, రాత దానితోనే కుదురుతుంది. వాళ్లమ్మగారితో వాదించకండి. సాయంత్రం దిమ్మెల వంతెన ఫోటో ఒకటి పంపి, కింద "ఈరోజు 36 దాకా లెక్కపెట్టాడు, రెండు సగాలు ఒకటి అవుతుందని కనిపెట్టాడు" అని రాయండి. ఫోటోలో వేరే పిల్లలు పడకూడదు. వాళ్ల అమ్మానాన్నల రాతపూర్వక అనుమతి లేకుండా పంపొద్దు. రాత్రికి చదువుకోవడానికి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు, కన్నడ కథలు ఉచితంగా ఉన్నాయి, అవి పంపండి.

కోర్సుల్లో మీకు సరిపోయేది ఇగ్నో వారి ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ డిప్లొమా. ఇంటర్ చదివితే చాలు, కనీస వ్యవధి ఏడాది, డేకేర్ నడుపుతూనే చదవొచ్చు. ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) పేరుతో మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే చోట డబ్బు కట్టే ముందు, టీచర్ల శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా అని అడగండి. స్కూలు ఉద్యోగాలకు ఆ ప్రశ్న అడ్డొస్తుంది. 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణతో 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) వసతి కల్పించాలన్న నియమం వచ్చింది. మీ చుట్టుపక్కల ఐటీ పార్కులకు క్రెష్ నడిపేవాళ్లు ఇంటర్వ్యూలో డిప్లొమాతో పాటు చూసేది పిల్లల ప్రథమ చికిత్స శిక్షణ. గొంతులో ఏదైనా అడ్డుపడితే వీపు మీద ఎలా కొట్టాలో చేతులతో చేయించి నేర్పే తరగతిలోనే చేరండి, వీడియో చూస్తే రాదు. డిప్లొమా జనవరిలోనో జులైలోనో చేరొచ్చు గానీ ఈ శిక్షణ మాత్రం ఆ బాబు వచ్చే జూన్‌కు ముందే పూర్తి కావాలి.