పాత కెమెరా నిలబడిన చోటు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

రాజమండ్రి, అమలాపురం వీధుల పాత ఫొటోలు పట్టుకెళ్ళి, ఆ చోట్లనే మళ్ళీ ఫొటోలు తీస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది తల్లీ. దిగులుగానూ ఉంది. కెమెరాలో తల పెడితే వెనక లారీ హారను కొట్టినా వినపడదు నీకు.

ఫొటోలు ఎవరింట్లో ఉంటే అక్కడే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యి. ఆల్బమ్‌కి అంటుకుపోయినవి పీకకు. ఆ రోజుల్లో ఫిల్ముకి బదులు వాడిన గాజు పలకల నుంచి అచ్చేసినవాటిలో కొన్ని కుడి ఎడమలు తిరగబడి ఉంటాయి. బోర్డు మీద అక్షరాలు చూడు, అవి లేకపోతే ఆడవాళ్ళ పైట ఏ భుజం మీదుందో చూడు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పూర్తిగా కనపడితే ఆ ఫొటో 1900 ప్రాంతానిది, లేదా ఆ తర్వాతది.

అసలు తప్పు జరిగేది నిలబడే చోట. గోపురం పాత ఫొటోలో ఎంతుందో అంత అయ్యేదాకా జూమ్ చేసి నొక్కేస్తారు. గోపురం సరిపోతుంది, పక్కనున్న పెంకుటిల్లు సరిపోదు. జూమ్‌తో దగ్గరదీ దూరందీ కలిసే పెరుగుతాయి. వాటి మధ్య పోలిక మారాలంటే కాళ్ళే కదలాలి. ముందున్న స్తంభం అంచూ వెనక గోపురం అంచూ పాత ఫొటోలో కలిసినట్టే కలిసేదాకా పక్కకి జరుగు. ఆ వరసలో సుద్దతో గీత గియ్యి. వీధి రెండోవైపు నుంచి ఇంకో జత పట్టుకో. రెండు గీతలూ కలిసినచోటే ఆనాటి కెమెరా నిలబడింది.

చోటు దొరికిందని పొంగిపోకు, ఎత్తు చూడాలి. మన ఊళ్ళలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఫొటోలో అరుగుకి నాలుగు మెట్లుండి ఇప్పుడు ఒకటే మిగిలితే, మెట్టు ఆరంగుళాల లెక్కన నేల అడుగున్నర లేచినట్టు. కెమెరా కూడా అంతే కిందికి దిగాలి. దించకపోతే చూరు కింది వాసాలు మరుగున పడి పెంకులు ఎక్కువ కనపడతాయి. ఫొటోలో దూరంగా సాగిపోయే గోడ చూడు: పై వరసలు కిందికి, కింది వరసలు పైకి వాలుతాయి. మధ్యలో వాలకుండా సమంగా ఉన్న ఇటుక వరసే లెన్సు ఎత్తు. దాన్ని గడప నుంచి కొలువు, రోడ్డు నుంచి కాదు. గడప కూడా ఎత్తించారేమో ఇంటివాళ్ళని అడుగు.

మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం ఎండ ఉత్తరాన్నుంచి పడుతుంది. ఆ నెలల్లో తీసిన ఫొటోకి సంక్రాంతి ఎండలో జత కుదరదు.

ఇక నా భయం. ఆ చోటు చాలాసార్లు నడిరోడ్డే అవుతుంది. అప్పుడు అక్కడ తిరిగినవి ఎడ్లబళ్ళమ్మా. తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళు, వాడి చేతికో ఎర్రగుడ్డ ఇచ్చి నీ వెనక నిలబెట్టు. వాడు రాకపోతే నువ్వూ వెళ్ళకు. గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాక రేవు మెట్ల జోలికి అసలు పోకు. వరద తీసినా మెట్ల మీద ఒండ్రు ఉండిపోతుంది, కాలు నిలవదు.

2027 పుష్కరాల పనుల్లో రోడ్లు మళ్ళీ లేస్తాయేమో, ఆలోపు గడపల కొలతలైనా రాసుకో. ఐదు మీటర్ల ఇనపటేపు మీ నాన్న చేత పంపుతున్నాను.

మీ పెదనాన్న