దాచి కొన్న టికెట్టు, అత్తగారి యుగంధర్

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న 39 ఏళ్ల పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది: మూడేళ్లుగా రాత్రిళ్లు ఇంగ్లీషులో ఒక నేరపరిశోధక నవల రాస్తున్నారు. కిందటి జులైలో హారొగేట్‌లో జరిగే క్రైమ్ రచయితల ఉత్సవానికి వెళ్లి, హోటల్లో దిగి, ఎవరితోనూ నోరు విప్పలేక మూడో రోజు పొద్దున్నే తిరిగివచ్చేశారు. "అంత ఖర్చుకీ ఏం ఒరిగింది?" అని భర్త అడిగారు. ఈసారి ఆయనకు చెప్పకుండా తన జీతంలోంచి టికెట్టు కొన్నారు. గుంటూరు నుంచి వచ్చి ఉన్న అత్తగారు, ఒకప్పుడు అద్దెకు తెచ్చుకుని డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివినావిడే, ఇప్పుడు "పిల్లాణ్ణి వదిలేసి ఈ తిరుగుళ్లేమిటి" అంటున్నారట. వెళ్లాలా, మానాలా అని ప్రశ్న.

వెళ్లండమ్మా. అయితే టికెట్టు సంగతి ఈ వారంలోనే మీవారికి చెప్పేయండి. సొంత జీతంతో కొనుక్కోవడంలో తప్పేమీ లేదు కానీ, దాచినందువల్ల అది తప్పులా కనిపిస్తుంది. ఆయనంతట ఆయనకు తెలిసిన రోజున మాట నవల మీదినుంచి నమ్మకం మీదికి మళ్లుతుంది, అప్పుడు మీరు ఏం చెప్పినా సంజాయిషీలాగే వినిపిస్తుంది. ఆయన అడిగిన ప్రశ్నను కూడా నేను ఎత్తిపొడుపుగా చూడలేకపోతున్నాను. కిందటేడు మీరు ముఖం వేలాడేసుకుని ఇంటికి వచ్చారు, ఆయన చూసింది అంతవరకే. లీడ్స్ నుంచి హారొగేట్‌కు రైల్లో ముప్పావుగంట కూడా పట్టదు గనుక ఈసారి హోటల్ గది మానుకుని, రోజూ వెళ్లి వస్తానని, ఆ రోజుల్లో పిల్లాడి పని ఎవరెవరు చూడాలో ఇప్పుడే అనుకుందామని చెప్పండి. ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, మాట కూడా సులువవుతుంది. చివరి రైలు వేళ మాత్రం ముందే చూసుకోండి.

ఇక కిందటేడు జరిగినదాని గురించి. ఆ ఉత్సవం జరిగే ఓల్డ్ స్వాన్ హోటల్లోనే, 1926 డిసెంబరులో 11 రోజులు ఆచూకీ లేకుండా పోయిన అగాథా క్రిస్టీ మారుపేరుతో బస చేసి దొరికారు. ఎవరికీ తెలియకుండా ఉండటానికి ఆవిడ అంత శ్రమపడవలసి వచ్చింది. మీరు ఏ శ్రమా లేకుండానే అది సాధించారు! నవ్వులాటకు అన్నాను గానీ, మీరు మూలన నిలబడిపోవడానికి కారణం బిడియం ఒక్కటే కాదనిపిస్తోంది. ఎవరైనా పెద్ద రచయిత మిమ్మల్ని గుర్తించాలని వెళ్లారు, అది మీ చేతిలో లేని పని. ఈసారి చేతిలో ఉన్న పని పెట్టుకుని వెళ్లండి. మందుల గురించి మీకు తెలిసినంత అక్కడికి వచ్చేవారిలో చాలామందికి తెలియదు. విషప్రయోగాల కథలు రాసేవాళ్ల మధ్యకు వెళుతూ మీ దగ్గర మాట్లాడటానికి ఏమీ లేదనుకోవడం నాకు వింతగా ఉంది.

గురువారం రోజున కొత్తగా రాసేవారికోసం ప్రత్యేకంగా తరగతులు పెడతారు. మీకు నిజంగా పనికివచ్చేది ఆ రోజే. సాయంత్రం అవకాశం దొరికినవారు, రచయితల తరఫున ప్రచురణకర్తలకు పుస్తకాలు అమ్మిపెట్టే ఏజెంట్ల ముందు, సంపాదకుల ముందు తమ నవలను రెండు నిమిషాల్లో చెప్పుకోవచ్చు. మిగిలిన రోజుల్లో అన్ని సభలకూ పరుగెత్తకండి, రోజుకు రెండో మూడో ఎంచుకోండి. తొలి నవల వచ్చినవారి సభను మాత్రం వదలకండి, వాళ్లు నిరుడో మొన్నో మీరున్న చోటే ఉన్నవారు. తక్కిన సమయం హోటల్ ముందున్న పచ్చికలో కూర్చోండి. రాసేవారూ చదివేవారూ తేడా లేకుండా అక్కడే కలుస్తారు. పక్క కుర్చీలో ఉన్న ముసలావిడను "మీరు ఎవరి పుస్తకం కోసం వచ్చారు?" అని అడిగితే చాలు, తర్వాతి పావుగంట ఆవిడే చూసుకుంటుంది. సంతకాల వరసలో రాతప్రతి చేతికివ్వడం లాంటివి వద్దు. మాట్లాడిన మనిషి పేరు, అన్న ఒక్క ముక్క, పక్కకు రాగానే చిన్న పుస్తకంలో రాసుకోండి. నాలుగు వారాల తర్వాత అలా మాట్లాడిన ఏజెంటుకు మొదటి మూడు అధ్యాయాలు, కథాసంగ్రహం పంపేటప్పుడు ఉత్తరం మొదటి వాక్యం ఆ ముక్కలోంచే వస్తుంది. చదవడానికే రుసుము అడిగే ఏజెంటు ఎదురైతే దండం పెట్టి వచ్చేయండి. అసలైనవారు పుస్తకం అమ్ముడైనప్పుడే, మామూలుగా నూటికి 15 చొప్పున తమ వాటా తీసుకుంటారు. ఈ లెక్క మీవారికి కూడా చెప్పండి.

"అక్కడ మనవాళ్లు కనబడరు" అని మరో మాట రాశారు. తక్కువే, కానీ లేకపోలేదు. బొంబాయి నేపథ్యంగా రాసే వసీం ఖాన్ 2023లో ఆ ఉత్సవ కార్యక్రమాల కమిటీకి అధ్యక్షులు. కలకత్తా కథలు రాసే అబీర్ ముఖర్జీ నలభయ్యో పడిలో అడుగుపెట్టే వయసుదాకా ఖాతాల లెక్కలు చూసే ఉద్యోగంలో ఉండి, ఒక పోటీకి తొలి అధ్యాయాలు పంపి గెలిచి ఈ దారిలోకి వచ్చారు.

ఉత్తరంలో మీరు దాటవేసిన విషయం అత్తగారిది. యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు నవలలు ఇంట్లో తిట్లు తింటూ చదివిన తరం ఆవిడది. రెండు నిమిషాల కథను అద్దం ముందు కాదు, ఆవిడ ముందు చెప్పి చూడండి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు, తెలుగులో, శవం దొరికిన చోటునుంచి మొదలుపెట్టండి. ఆవిడ చేతులు ఎక్కడ ఆగాయో, ఎక్కడ ఆవిడ లేచి స్టవ్ చూడటానికి వెళ్లిపోయారో గమనించండి. లేచి వెళ్లిన చోట మీ కథ సాగదీసినట్టు. హంతకుడెవరో మాత్రం హారొగేట్ నుంచి తిరిగి వచ్చాకే చెబుతానని అనండి. పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఆవిడ దగ్గర ఇక రాకపోవచ్చు.