చుట్టూ గడ్డకట్టిన సముద్రమే ఉన్నప్పుడు తాగునీళ్లు ఎలా?

ఉత్తర ధ్రువం వైపు సముద్రపు మంచు మీద నడిచేవాళ్లకు నడక తర్వాత ఎక్కువ సమయం తినేసే పని ఇదే. కొత్తగా గడ్డకట్టిన మంచు ఉప్పగా ఉంటుంది, పనికిరాదు. ఒకటి రెండు వేసవులు దాటిన పాత గడ్డల్లోంచి ఉప్పునీరు కిందికి కారిపోయి ఉంటుంది; నీలంగా, అంచులు గుండ్రంగా అరిగిన దిబ్బలు అవే. దొరక్కపోతే కురిసిన మంచును పైపైన తీసుకోవాలి. అడుగు పొర కింది ఉప్పును పీల్చుకుని ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది.

గిన్నెలో ముందు కొద్దిగా నీళ్లు పోసి, ఆ తర్వాతే మంచు వేయాలి. ఉత్త మంచు వేస్తే కరిగిన కాసిన్ని నీళ్లనూ పైనున్నది పీల్చేసుకుంటుంది, గిన్నె మాడుతుంది, నీళ్లకు ఆ మాడు వాసన పడుతుంది. అందుకే ఫ్లాస్కులో రాత్రే కాస్త మిగుల్చుకుంటారు. కిలో మంచు కరగడానికే 334 కిలోజౌళ్లు కావాలి. అవే నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీలకు వేడిచేసేంత అన్నమాట. ఇంధనం లెక్క వేసేటప్పుడు చాలామంది మరిచేది ఇదే.

స్టవ్ వెలిగినంతసేపూ గుడారంలో గాలి వచ్చే దారి తెరిచే ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మైనస్ 40లోనూ స్టవ్ పెట్రోలు ద్రవంగానే ఉంటుంది; చేతిమీద ఒలికితే చర్మం క్షణాల్లో గడ్డకడుతుంది. నీళ్ల సీసాలు తలకిందులుగా పెట్టాలి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత బిగుసుకుపోదు.