అమ్మకు వీడ్కోలు చెబితే అవిశ్వాసమా?

అమ్మగారికి క్యాన్సర్ ముదిరిందని, డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారని రాశారు. "మనవలకు నేనేమి మిగిల్చాను?" అని ఆమె అడుగుతుంటే, వీడ్కోలు మాట ఎత్తడమే అవిశ్వాసమని బంధువులు అంటున్నారన్నారు. మాదీ చెన్నైలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబమే. నాన్నగారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆయన చివరి నెలల్లో మా ఇంట్లోనూ ఇదే మాట నలిగింది.

అది అవిశ్వాసం కాదు. స్వస్థత కోసం ప్రార్థిస్తూనే వీడ్కోలు చెప్పుకోవచ్చు. ఇకమీదట నా ముఖం చూడరని పౌలు ఎఫెసు సంఘ పెద్దలకు మిలేతులో తేటగా చెప్పేశాడు. వాళ్లు ఆయన మెడ మీద పడి ఏడ్చారు, ఓడ దాకా సాగనంపారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఆ బంధువులతో కలిసి చదవండి. లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు కదా!

ఇక మనవల సంగతి. నాన్నగారికి చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. ఉన్నదల్లా అంచుల నిండా రాతలున్న తెలుగు బైబిలు. మా పిల్లలు తమిళం, ఇంగ్లీషు చదువుకున్నారు; తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుకని ఆయనే ఒక దారి చూపించారు. తాను గీత గీసుకున్న వాక్యాలు రోజూ కాసేపు చదువుతూ, ఏ కష్టంలో ఆ గీత గీశారో చెప్పేవారు. మేము ఫోనులో రికార్డు చేశాం. పుట్టిన వారానికే పోయిన మా తమ్ముడి గురించి ఆయన నోరు విప్పగా నేను వినడం అదే మొదలు. ఓపిక తగ్గాక, యాకోబు తన కొడుకులను పిలిచినట్టు పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, తల మీద చెయ్యి పెట్టి పేరుపేరునా దీవించారు. మా చిన్నమ్మాయి నేటికీ పరీక్షకు బయలుదేరే ముందు ఆ దీవెన వింటుంది.

అమ్మగారు ఎవరెవరి కోసం ఏళ్ల తరబడి ప్రార్థించారో అడిగి ఆ పేర్లు రాసుకోండి. ఫలితం కనిపించలేదని ఆమె బాధపడితే ఒంగోలు సంగతి గుర్తు చేయండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అక్కడి కొండ మీద అమెరికన్ మిషనరీలైన జూయెట్ దంపతులు, విశ్వాసురాలు నెల్లూరు జూలియా మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొర అక్కడ కాపురం పెట్టింది 1866లో. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా పూర్వీకులకు సువార్త అందింది ఆ ఉజ్జీవంలోనే.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. భూస్థాపన చెన్నైలోనా, సొంత ఊళ్లోనా అన్నది ఆమెనే అడగండి. తన పితరుల సమాధి ఉన్న మక్పేలా గుహలో పాతిపెట్టమని యాకోబు కూడా ముందే చెప్పి ఉంచాడు. నగరంలోని పాత సమాధుల తోటల్లో కొత్తగా చోటు దొరకడం కష్టం. కుటుంబ సమాధి ఉంటే దాని కాగితాలు, సంఘ సభ్యత్వ వివరాలు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. పాస్టరుగారిని ఈ వారంలోనే ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం) ఇవ్వడానికి ఇంటికి రమ్మనండి. మందుల మగత లేని పూట చూసి, మనవలందరూ ఉండేలా పెట్టుకోండి.