సోబియెస్కీ తన భార్యకు రాసిన ఉత్తరాలు

‘బరోక్ కాలం (పదిహేడో శతాబ్దం, ఆర్భాటమైన కళలకు పేరుపడ్డ కాలం) నాటి యూరప్ ప్రభువుల ఆర్భాటం నిజమా, నటనా? సొంత ఉత్తరాల్లో వాళ్ళు ఎలా కనిపిస్తారు?’ అని అడిగారు కదా. నిజమే అంటాను. యాన్ సోబియెస్కీ ఉత్తరాలు విన్నాక నాకు ఇంకే అనుమానమూ లేదు. పోలండ్ ప్రభువుల ఇంట పుట్టి, 1674లో ఎన్నికై రాజైన మనిషి ఆయన.

నేను వార్సాలో పనిచేసిన రెండేళ్ళూ మా ఆవిడ ఖమ్మంలోనే ఉంది. మా ఇంటి ఓనరమ్మ రిటైరైన టీచర్. ఒక చలికాలం సాయంత్రం టీ ఇచ్చి, సోబియెస్కీ 1683 సెప్టెంబర్ 13న భార్యకు రాసిన ఉత్తరం చదివి, నాకు అర్థమయ్యేలా విడమర్చి చెప్పింది. ముందు రోజే వియన్నా దగ్గర ఒట్టోమన్ (టర్కీ) సైన్యాన్ని ఓడించాడు. పారిపోయిన వాళ్ళ సేనాధిపతి, వజీరు కారా ముస్తఫా గుడారాల్లో కూర్చుని రాస్తున్నాడు. భార్య మారిషెంకాను ‘నా ప్రాణానికి ఉన్న ఒకే ఒక్క ఊరట’ అని పిలుస్తాడు. వెంటనే దేవుడి స్తుతి. ఆ వెంటనే కెంపులు, నీలాలు పొదిగిన అమ్ములపొదులు! ఉత్త చేతులతో ఇంటికొచ్చిన మొగుణ్ణి తాతార్ ఆడవాళ్ళు ‘నువ్వేం వీరుడివి’ అని దెప్పుతారట, నన్ను నువ్వలా అనలేవులే అంటాడు. గుడారాల్లో కుందేళ్ళు, పిల్లులు ఉన్నాయట. చిలుక దొరక్కుండా ఎగిరిపోయిందట. నిప్పుకోడి పరాయివాళ్ళకు దక్కకూడదని వజీరు దాని తల నరికించాడట.

దేవుడు, భార్య, దోచిన సొమ్ము, చిలుక అన్నీ ఒకే ఊపులో వచ్చేస్తాయి. మనమైతే భక్తిని ఒకచోట, ఆశను ఒకచోట దాచుకుంటాం. ఆయనకు ఆ అరలే లేవు. వాళ్ళ చర్చిల్లో గోడ కనబడకుండా బంగారుపూత, దేవదూతలు, పళ్ళగుత్తులు కలిసిపోయినట్టే ఉంటుంది ఆ మనసు.

పోప్‌కు మాత్రం ‘వచ్చాం, చూశాం, దేవుడు గెలిచాడు’ అని రాశాడు. అందరికీ గుర్తున్నది ఆ ఒక్క ముక్కే. మా స్కూల్లో హిస్టరీ కూడా ఇంతే, ఎవరు గెలిచారు, ఏ సంవత్సరం. గెలిచిన మనిషి మర్నాడు ఇంటికి ఏం రాశాడో ఒక్క టీచరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

అదే యుద్ధానికి వెళ్ళినప్పుడు రాసిన మరో ఉత్తరం ఉంది. తన ఉత్తరాలు సరిగ్గా చదవడం లేదని మారిషెంకా నిష్ఠూరమాడితే, ఒక్కొక్కటీ కనీసం మూడుసార్లు చదువుతానని లెక్క చెబుతాడు: రాగానే ఒకసారి, పడుకునేటప్పుడు ఒకసారి, జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు ఒకసారి. ఓనరమ్మ అది చదువుతుంటే, ‘చూసి కూడా రిప్లై ఇవ్వవేం’ అన్న మా ఆవిడ మెసేజ్ పొద్దుటి నుంచీ నా ఫోన్లో అలాగే ఉంది. టీ కప్పు అక్కడే పెట్టి, నా గదిలోకి వెళ్ళి రాయడం మొదలుపెట్టాను.